ముందుకి ముప్పై, పైకి పన్నెండు

రెండు వారాలుగా ఆ షెడ్డులో ఒక మనిషికి తిట్లు పడుతూనే ఉన్నాయి. తిట్టే ఆయనకి ఆ మనిషెవరో తెలియదు, మొహం చూసి ఎరగడు. ఎరిగినవాణ్ణి తిట్టేటప్పుడు కాస్త మొహమాటమైనా అడ్డొస్తుంది. ఇక్కడ ఆ అడ్డు కూడా లేదు.

“ఎలా చేతులొచ్చాయే వీడికి! కంపెనీవాడు చక్కగా కూర్చోబెట్టిన ఫుట్‌రెస్టులు కోసిపారేసి, ఫ్రేముకి కొత్తగా చిల్లులు పొడిచి, ఎక్కడో ముందుకి తీసుకెళ్ళి అతికించాడు. వీణ్ణి కాదు, వీడి చేతికి డ్రిల్లు ఇచ్చినవాణ్ణి అనాలి.”

“ఇంక పోనిద్దురూ. ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో ఏమో, పొలమారి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు” అంది ఇల్లాలు, పెట్రోలు ట్యాంకుకి మైనం రుద్దుతూ.

తిట్టే ఆయన్ని ఊళ్ళో అందరూ మిల్లీమీటరు అంటారు. పాత బండ్లు బాగుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, బోల్టు బిగించాక కూడా కొలత తీసేవాడు ఈయనొక్కడే. ఇంట్లో గోడకి మేకు కొట్టమంటే గంట పడుతుందని ఇల్లాలి ఫిర్యాదు. ఆవిడ మాత్రం ఆయన్ని ఆ పేరుతో పిలవదు, ఒళ్ళు మండినప్పుడు తప్ప.

ఇప్పుడు స్టాండు మీదున్నది ట్రయల్స్ బండి. నలభై అయిదేళ్ళ నాటిది. ఇది పరుగుపందెం బండి కాదు. కొండవాగులో, బండరాళ్ళ మీద, నత్తలా నడపాలి. సీటున్నా కూర్చోవడానికి కాదు, పొద్దస్తమానం ఫుట్‌రెస్టుల మీద నిలబడే నడపాలి. కాలు కింద ఆనించావా, ఒక మార్కు పోయినట్టే. చూసేవాళ్ళకి ఇదేం పోటీరా బాబూ అనిపిస్తుంది. నడిపేవాడికి మాత్రం చెమట చెవుల్లోంచి కారుతుంది.

బండి విడివిడి ముక్కలుగా, తుప్పుతో, ఒక అట్టపెట్టెలో సగం, గోనెసంచిలో సగం వచ్చింది. మిల్లీమీటరు కంపెనీ పుస్తకం ముందు పెట్టుకుని అక్షరం తప్పకుండా పనిచేశాడు. ఎవరో పొడిచిన చిల్లుల్ని వెల్డింగుతో పూడ్చి, ఆకురాయితో రాకి, వేలితో తడిమినా తెలియకుండా నున్నగా చేశాడు. ఫుట్‌రెస్టుల్ని వాటి పుట్టింటికి చేర్చాడు. లోపలికి వంకరపోయి ఉన్న క్లచ్ లీవరు తీసేసి, మూడు నెలలు వెతికి అసలుది సంపాదించాడు. తీసేసిన చెత్తంతా మొన్న సోమవారం పాత ఇనుము బండివాడు పట్టుకుపోయాడు.

బుధవారం మధ్యాహ్నం బండి ఆసామి వచ్చాడు. షట్టరు పూర్తిగా పైకెత్తినా తల వంచుకుని లోపలికి రావాల్సినంత పొడుగు మనిషి. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా నడుం వంగలేదు. చంకలో కాగితంలో చుట్టిన పలక ఒకటి ఉంది. ఆదివారం కొండ దగ్గర మోటారుసైకిల్ క్లబ్బువాళ్ళ పెద్ద పండగట. పాత పోటీల్లో గెలిచిన బండ్లని, వాటిని నడిపినవాళ్ళనీ పిలిచారు. ఆ తర్వాత ఈ బండిలో నూనెలన్నీ తీసేసి క్లబ్బు హాల్లో అద్దాల వెనక పెట్టేస్తారు. ఇక మీదట స్టార్టు చేసేది లేదు.

పొడుగాయన కాగితం విప్పాడు. ఇత్తడి పలక మీద ఆ పోటీ జరిగిన సంవత్సరం, ‘విజేత’ అన్న మాట, కింద ఆయన పేరు.

“దీన్ని ట్యాంకు కింద బిగించు. ఇదిగో, ఈ ఫారం క్లబ్బువాళ్ళది. బాగుచేసినవాళ్ళు సంతకం పెట్టాలిట. నడిపినవాళ్ళ పేరు దగ్గర నేను రాసుకుంటాలే.”

మిల్లీమీటరు ఫారం తీసి బల్ల మీద స్పానరు కింద పెట్టాడు. “ముందు ఎక్కి చూడండి సార్.”

పొడుగాయన ఎక్కి నిలబడ్డాడు. చేతులు హ్యాండిల్ మీద వదులుగా వాలాయి, మోకాళ్ళు ట్యాంకుకి రెండు పక్కలా ఒద్దికగా ఒదిగాయి. కొలతలిచ్చి కుట్టించిన చొక్కాలా ఉంది బండి ఆయనకి. ఒకసారి కిందికి, తన పాదాల వైపు చూసుకున్నాడు. చూసి కాసేపు అలాగే ఉన్నాడు.

“బాగా చేశావోయ్” అని దిగిపోయాడు. మిల్లీమీటరు ఇంకా పెద్ద మెప్పే ఆశించాడు. ఆ సాయంత్రమంతా మొహం మాడ్చుకుని ఉన్నాడు.

గురువారం పొద్దున్న ఒక ఆవిడ సిటీ బస్సు దిగి, షెడ్డు నంబరు రెండుసార్లు సరిచూసుకుని లోపలికొచ్చింది. పొట్టి మనిషి. తల దువ్వి గట్టిగా ముడేసింది. భుజాన సంచి, చేతిలో గొడుగు.

“ఇక్కడ మా అన్నయ్య బండి ఉందన్నారు. ఒకసారి చూసి పోతా. పని పాడుచెయ్యను.”

“రండి పిన్నిగారూ, కూర్చోండి” అని ఇల్లాలు స్టూలు తుడిచి వేసింది. ఆవిడ కూర్చోలేదు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, వెనక చక్రం పుల్లల మీద వేలితో మీటుతూ పోయింది. అన్ని పుల్లలూ ఒకే రకంగా మోగాయి. పనితనం తెలిసినవాళ్ళు తప్ప అలా మీటి చూడరు. మిల్లీమీటరు చేతిలో పని ఆపేశాడు.

“ఒక్కసారి ఎక్కి నిలబడనా బాబూ?”

అరవై దాటిన మనిషి, పడితే ఎవరు జవాబు చెప్పాలి అనుకుంటూనే ఆయన బండిని గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ చెప్పులు విప్పి ఎక్కింది. హ్యాండిల్ అందుకోవడానికి నడుం దగ్గర్నుంచి ముందుకి వాలిపోవలసి వచ్చింది. కుడిచెయ్యి ఎలాగో ఆనింది. ఎడమచేతి వేళ్ళు క్లచ్ లీవరు మీదికి చాపితే కొనలు తగిలీ తగలనట్టు ఉన్నాయి. ఆవిడ దిగిపోయింది.

“ఇది కాదు” అంది.

మిల్లీమీటరుకి చురుక్కుమంది. “ఏది కాదమ్మా? ఇంజను నంబరు అదే, ఫ్రేము నంబరు అదే. ఒక్క నట్టు కూడా కంపెనీ పుస్తకం దాటి పోలేదు. ఎవడో పనికిమాలినవాడు దీన్ని నానా కంగాళీ చేసి పెడితే, అంతా సరిచేసి…”

“ఫుట్‌రెస్టులు ముందుకి జరిపినవాడేనా?”

“వాడే!”

“ఆ చిల్లులు పొడిచింది నేనే బాబూ.”

ఇల్లాలు ఫక్కున నవ్వబోయి మైనపు గుడ్డ నోట్లో కుక్కుకుంది. రెండు వారాల తిట్లు ఒక్కసారిగా గుర్తొచ్చి మిల్లీమీటరు చెవులు ఎర్రబడ్డాయి.

“క్లచ్ లీవరు వంచింది కూడా నేనే. నా వేళ్ళు చూడు, ఇంతే. అందకపోతే ఏం చెయ్యను?” ఆవిడ చెయ్యి చాపి చూపించింది. కోపమేం లేదు గొంతులో. “పోటీకి రెండ్రోజుల ముందు అన్నయ్య పడి మణికట్టు వాచిపోయింది. పేరిచ్చేశాడు, మా నాన్న ఊరంతా చెప్పేశాడు. ఆడవాళ్ళకి పోటీలో చోటు లేదప్పుడు. అన్నయ్య హెల్మెట్టు, అన్నయ్య కోటు, మొహానికి రుమాలు. నేను వెళ్ళాను. మూడంటే మూడు మార్కులు పోయాయి, అంతే. రుమాలు విప్పకుండా వచ్చేశాను. కప్పు తెచ్చి అన్నయ్య మంచం మీద పడేశాను.”

“మరి ఆయన ఎవరికీ చెప్పలేదా పిన్నిగారూ?” ఇల్లాలికి నవ్వు ఎటో పోయింది.

“రేపు చెప్తా, రేపు చెప్తా అనేవాడు. ఆ కప్పు చూసి వాడికి మంచి ఉద్యోగమొచ్చింది. అందరికీ ఆ పోటీ కథ చెప్పేవాడు. చెప్పి చెప్పి వాడికే అది నిజమైపోయింది. నిజంగానే మర్చిపోయాడమ్మా. మర్చిపోయినవాడితో ఏమని పోట్లాడతాం? అందుకే ఊరుకున్నా. ఆదివారం వెళ్ళి అందరితోపాటు చప్పట్లు కొడతా. అద్దాల్లో పెట్టేస్తారని తెలిసి, ఒక్కసారి ఎక్కి చూద్దామనిపించింది. పోనీలే. ఇదీ బాగానే ఉంది.”

ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటోంది. మిల్లీమీటరు స్పానరు పక్కకి నెట్టి ఫారం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. పోటీనాడు ఉన్నట్టే ఉన్నదని ధ్రువీకరిస్తున్నాను, అని ఉంది. కంపెనీ గేటు దాటినప్పుడు ఉన్నట్టు అని లేదు. అరమిల్లీమీటరు తేడా వస్తే తిండి మానేసే మనిషి, బండి ఏనాడు ఉన్నట్టు ఉండాలో ఒక్క ముక్క అడగకుండా నెలల తరబడి పనిచేశాడు. ఆ రోజుకి సాక్ష్యంగా మిగిలినవి నాలుగు ఇనపముక్కలు. వాటిని తన చేత్తోనే కోసి, పాత ఇనుములో వేసి, పైగా తిట్టాడు.

“దీని మీద నేను సంతకం పెట్టలేనమ్మా” అన్నాడు. “తప్పు నాది.”

పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది, ఆ రెండు మాటలు ఆయన నోట వినడం ఇల్లాలికి ఇదే మొదలు. గోడ గడియారం వైపు చూసింది, వేళ గుర్తుపెట్టుకోవడానికన్నట్టు.

“మీరు కాసేపు ఉండగలరా? కొలతలు తీసుకోవాలి.”

“నలభై అయిదేళ్ళ కిందటి కొలతలు నా దగ్గర ఎక్కడివి బాబూ? మోకాళ్ళు మారిపోయాయి.”

“మోకాళ్ళు మారతాయి. ఎముక పొడుగు మారదు. ఎక్కండి.”

ఆయన ఫుట్‌రెస్టులు విప్పేసి, బండికి రెండు పక్కలా చెక్కదిమ్మలు పేర్చాడు. వాటి మీద పలచటి రేకుముక్కలు. ఆవిడ పాదాలు పట్టుకుని జరపడానికి ఆయనకి బిడియంగా ఉంది. ఇల్లాలే కింద కూర్చుని, ఆవిడ మడమ పట్టుకుని, ఆయన చెప్పినట్టల్లా జరిపింది.

“కళ్ళు మూసుకోండి పిన్నిగారూ. ముందున్నవి రాళ్ళనుకోండి.”

ఆవిడ కళ్ళు మూసుకుంది. “ఇంకాస్త ముందుకి. ఇంకాస్త. అమ్మాయ్, అతి చేశావ్, వెనక్కి. ఇప్పుడు ఎత్తు. ఊఁ… ఇంకొక్క రేకు. ఆగు. ఇక్కడే.” అలా అన్నదే గానీ ఆవిడ దిగలేదు. మోకాళ్ళు కొంచెం సడలి, బరువు ఒక పాదం మీంచి ఇంకో పాదం మీదికి మెల్లగా మారింది. వంగిన నడుం నిటారుగా నిలబడింది. ఇల్లాలు తలెత్తి చూస్తూ ఉండిపోయింది.

మిల్లీమీటరు చాక్‌పీసుతో గీత గీసి, కొలిచి, బల్ల మీద మిల్లీమీటర్లలో రాసుకున్నాడు. ముందుకి ముప్పై, పైకి పన్నెండు.

ఆవిడ వెళ్ళిపోయాక, చాక్‌పీసు గీసినచోట తను వారం కిందటే వేసిన కొత్త పెయింటుని గోకడం మొదలుపెట్టాడు. ఆ పెయింటు మూడు పూతలు, ఒక్కో పూత తర్వాత ఒక్కో రోజు ఎండనిచ్చాడు. గోకుతుంటే తన చర్మం గీరుకుంటున్నట్టే ఉంది. ఇనుము బయటపడింది. గుడ్డతో తుడిచి, దీపం దగ్గరగా దించాడు. గీత గీసినచోటే, సరిగ్గా దాని నడిమధ్యలో, పావలా కంటే చిన్న గుండ్రటి మచ్చ. తనే పూడ్చిన చిల్లు. రెండో పక్క గోకాడు. అక్కడా అంతే.

ఇల్లాలిని పిలిచి వేలితో చూపించాడు.

“అయితే ఆవిడ చెప్పింది…”

“వెంట్రుకవాసి తేడా లేదే” అన్నాడు. “కళ్ళు మూసుకుని చెప్పింది. నా దగ్గర ఇన్ని పరికరాలున్నాయి, ఎందుకూ!”

శుక్రవారం చెప్పకుండానే ఆవిడ మళ్ళీ వచ్చింది. ఇల్లాలు టీ పోసిచ్చింది. అప్పటికి మిల్లీమీటరు ఇనపపట్టీలు కోసి, వంచి, వెల్డింగు చేసేశాడు. పెయింటు చుట్టూతా కాలి నల్లబడింది. అసలు బెంగ దానికి కాదు, లీవరు దగ్గర. అది అల్యూమినియంది. చల్లగా ఉండగా వంచితే పుటుక్కుమంటుంది. ఎక్కువ వేడి తగిలితే మైనంలా జారిపోతుంది. మూడు నెలలు వెతికి తెచ్చిన ముక్క. దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూస్తున్నాడు.

“సబ్బు ఉందా అమ్మాయ్?” అని అడిగింది ఆవిడ.

“చేతులు కడుక్కుంటారా?”

“చేతులకి కాదు.”

సబ్బుబిళ్ళ తీసుకుని లీవరు పొడుగునా రుద్దింది. సన్నటి మంట పెట్టించి, దాని మీద లీవరుని ఇటూ అటూ ఆడించింది. తెల్లటి సబ్బుపూత పసుపయింది, గోధుమరంగయింది, నల్లబడింది. నల్లబడగానే మంటలోంచి తీసి, చల్లారనిచ్చి, గుడ్డచుట్టిన బిగింపులో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కింది. లీవరు కిక్కురుమనకుండా లోపలికి వంగింది.

సబ్బు నల్లబడితే ఆపాలన్న సంగతి మిల్లీమీటరు పదేళ్ళ పనిలో మూడు లీవర్లు విరగ్గొట్టి నేర్చుకున్నాడు. “ఇది మీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్తారు? రెండు విరగ్గొట్టాను.”

ఆయన ఇల్లాలి వైపు తిరిగి, “విన్నావా, రెండే” అన్నాడు, తనదేదో గొప్పయినట్టు. 

“రేపు మీరు కూడా రండి పిన్నిగారూ. మీ అన్నయ్యగారు బండి తీసుకోవడానికి వస్తున్నారు” అంది ఇల్లాలు.

“ఎందుకమ్మా గొడవ!” అంది గానీ, ఎన్నింటికి అని అడిగి మరీ వెళ్ళింది.

శనివారం పొడుగాయన పదింటికి వచ్చాడు. లోపల స్టూలు మీద చెల్లెల్ని చూసి గుమ్మంలోనే ఆగాడు.

“నువ్వేంటిక్కడ?”

“బండి చూద్దామని” అంది ఆవిడ, తలెత్తకుండా.

ఆయన బండి దగ్గరికెళ్ళి, అలవాటుగా కాలెత్తి ఎక్కి నిలబడ్డాడు. మోకాళ్ళు రెండూ హ్యాండిల్‌కి కొట్టుకున్నాయి. మెడ ముందుకి పొడుచుకొచ్చి, కూనిరాగం తీస్తున్న కొంగలా ఉన్నాడు. ఇంకోసారైతే ఇల్లాలు నవ్వేదే.

“ఏమిటిది? బుధవారం బాగానే ఉందిగా! ఏం చేశావ్?”

“బుధవారం ఉన్నదే తప్పండీ” అన్నాడు మిల్లీమీటరు. “పోటీనాడు ఉన్నట్టు ఉండాలని రాసుంది ఫారంలో. పోటీనాడు ఫుట్‌రెస్టులు ముందుకి ముప్పై, పైకి పన్నెండు ఉండేవి. పాత చిల్లుల ఆనవాళ్ళు ఫ్రేములో ఉన్నాయి, పెయింటు వెయ్యకుండా వదిలేశాను, చూసుకోండి. ఈ బండి ఎవరికి సరిపోతుందో వాళ్ళ పేరయితేనే నేను సంతకం పెడతాను. లేదంటే బండి తీసుకెళ్ళండి, ఫారం ఖాళీగానే ఇస్తాను.”

పొడుగాయన దిగాడు. ఇత్తడి పలక ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని చూశాడు. కోప్పడతాడని మిల్లీమీటరు, కేకలేస్తాడని ఇల్లాలు కాచుకుని ఉన్నారు. ఆయన హ్యాండిల్ కుడిచివర పట్టుకుని, కొత్త రబ్బరు గ్రిప్పు చుట్టూ వేళ్ళు బిగించి, వదిలి, మళ్ళీ బిగించాడు.

“గ్రిప్పులు లావుగా ఉన్నాయి” అన్నాడు.

“కంపెనీ సైజేనండీ.”

“ఆ రోజు ఇంత లావు లేవు. సన్నగా ఉండేవి. చాకుతో చుట్టూతా చెక్కేశాను. దాని గుప్పిట మూతపడేది కాదు. ఎడమచేత్తో చెక్కాను, కుడిచెయ్యి కట్టులో ఉందిగా. సరిగ్గా రాలేదు.”

చెల్లెలు స్టూలు మీంచి లేచింది.

“అవి నువ్వు చెక్కావా?”

“నువ్వు పడుకున్నాక.”

“నాకు చెప్పనేలేదు.”

“చెప్తే భయపడుతున్నాననుకుంటావని.”

ఆవిడ దగ్గరికొచ్చింది. అన్నయ్య గుండెల దాకా వస్తుందంతే. తలెత్తి చూసింది. ఇన్ని రోజులూ మెత్తగా ఉన్న గొంతు ఒక్కసారిగా పగిలింది.

“అయితే నీకు గుర్తుందన్నమాట! అంతా గుర్తుంది! మర్చిపోయావనుకున్నాను రా అన్నయ్యా. మర్చిపోయావనుకునే ఊరుకున్నాను. పాపం వాడికి అదే నిజమనిపిస్తోంది, ఎందుకు కదిలించడం అని, నీ ఇంట్లో ప్రతి శుభకార్యానికీ ఆ కప్పు పక్కన నిలబడి ఫొటోలు దిగాను. రబ్బరు చెక్కింది కూడా గుర్తుపెట్టుకుని, నన్ను పక్కన నిలబెట్టుకుని ఆ కథ చెప్పేవాడివా?”

ఆయన పొడుగంతా ఎటు పోయిందో. బల్ల అంచు పట్టుకున్నాడు.

“మొదటిరోజే చెప్పాల్సింది. రెండోరోజుకే ఆలస్యమైపోయింది” అన్నాడు. “ఆ తర్వాత రోజూ ఆలస్యమే.”

“బుధవారం దీని మీద నిలబడి కిందికి చూసుకున్నప్పుడు ఏమనిపించింది?” అని అడిగింది ఇల్లాలు. ఆవిడ ఎప్పుడూ ఆసాముల్ని ఇలాంటివి అడగదు. ఆ రోజు ఉండబట్టలేకపోయింది.

“ఇంక ఎవరికీ తెలియదులే అనిపించిందమ్మా.” పొడుగాయన తల దించుకున్నాడు. “అలా అనిపించినందుకు మూడు రాత్రులుగా నిద్ర లేదు.”

మిల్లీమీటరు ఫారం ముందుకి జరిపి, కలం దాని మీద పెట్టాడు. నడిపినవారు, అన్న మాట ఎదురుగా గీత ఖాళీగా ఉంది. పొడుగాయన కలాన్ని చెల్లెలికి అందించబోయాడు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నువ్వే రాయి. నేను చూస్తుండగా రాయి.”

ఆయన వంగి ఆమె పేరు రాశాడు. దాని ముందు వదిలిన చోట్లో ఆవిడ అత్తవారి ఇంటిపేరు రాయబోయాడు. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

“అది కాదు. మనదే రాయి. ఆ రోజుకి నాకింకా పెళ్ళి కాలేదు.”